కెనడా వెళ్లే ముందు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడమా, అప్పులు వాయిదాల్లో తీర్చడమా?

బెజవాడ వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. విజయవాడలో ఆరేళ్లపాటు ఫ్లెక్సీ ప్రింటింగ్ యూనిట్ నడిపి, నష్టాలు తట్టుకోలేక నిరుడు మూసివేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు సంస్థలో నెలకు 52,000 రూపాయల జీతానికి పని చేస్తున్నాను. నా భార్య నర్సు. ఆమె ప్రధాన దరఖాస్తుదారుగా కెనడా శాశ్వత నివాసం కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఆన్‌లైన్ విధానంలో ప్రొఫైల్ పెట్టాము. మాకు ఒక పాప.

నా అప్పులు మొత్తం 34 లక్షలు. అందులో బ్యాంకు పర్సనల్ లోన్ 9 లక్షలు, మా మామగారి హామీతో తీసుకున్న మెషీన్ లోన్ 6 లక్షలు, రెండు క్రెడిట్ కార్డుల మీద నాలుగున్నర లక్షలు, నలుగురి దగ్గర ప్రోనోట్ల మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి 11 లక్షలు, ముందే పాడుకున్న చీటీకి ఇంకా కట్టవలసినవి మూడున్నర లక్షలు. చీటీకి ఇద్దరు పాత సహోద్యోగులు జామీను ఉన్నారు. నా పేరున కంకిపాడు దగ్గర 120 గజాల స్థలం ఉంది, ఇప్పుడు అమ్మితే 18 లక్షలు రావచ్చు. నా భార్య జీతంలోంచి దాచిన 13 లక్షలు ఆమె ఖాతాలో ఉన్నాయి, వాటిని కెనడాకు చూపించవలసిన నిధుల కోసం ముట్టుకోలేదు.

స్థలాన్ని బావమరిది పేరున గిఫ్టు రాసి, మూడు నాలుగు నెలలు ఆగి ఐపీ పెట్టి వెళ్లిపొమ్మని, అంత దూరం ఎవరూ రారని బంధువు ఒకరు సలహా ఇచ్చారు. అక్కడికి వెళ్లాక నాలుగేళ్లలో అందరికీ తీర్చాలన్నది నా ఆలోచన. అయితే ఆ నాలుగేళ్లూ ఇక్కడ మామగారిని, జామీను ఉన్నవారిని ఎవరు కాపాడతారో తెలియడం లేదు. ఐపీ పెడితే వీసాకు అడ్డమవుతుందా? పెట్టకుండా వెళితే విమానాశ్రయంలో ఆపుతారా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

గుంటూరు న్యాయవాది:

మీ బంధువు చెప్పినట్టు చేస్తే మీరు ఎక్కువగా నష్టపోతారు కనుక ముందు దాని సంగతే చెబుతాను. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలో మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మీలాంటి సొంత వ్యాపారికి మన జిల్లాల్లో ఇప్పటికీ 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టమే దిక్కు. ఐపీ అని మనం పిలిచేది ఈ చట్టం కింద వేసే పిటిషన్‌నే. ఆ చట్టంలోని సెక్షన్ 53 ప్రకారం, తగిన ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తిని, ఆ తేదీ నుంచి రెండేళ్లలోపు దివాలా పిటిషన్ పడి మీరు దివాలాదారుగా తేలితే, కోర్టు రద్దు చేయగలదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్కరికి మాత్రం పక్షపాతంగా చెల్లించినా అది సెక్షన్ 54 కిందకు వస్తుంది. ఆస్తి దాచినట్టు రుజువైతే సెక్షన్ 69 కింద ఏడాది వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. బావమరిది పేరున రాసిన స్థలం తిరిగి రిసీవరు (మీ ఆస్తిని చూసుకోవడానికి కోర్టు నియమించే వ్యక్తి) చేతికి వస్తుంది, మీ మీదా ఆయన మీదా కేసు మిగులుతుంది.

ఇక నిజాయితీగానే ఐపీ పెట్టారనుకుందాం. కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించిన రోజున మీ ఆస్తి కోర్టుకు గాని రిసీవరుకు గాని చెందుతుంది. ప్రకటనతో అప్పు పోయిందని చాలామంది అనుకుంటారు కాని, అప్పు నుంచి విముక్తి కలిగేది ఆ తరువాత వచ్చే డిశ్చార్జి ఉత్తర్వుతోనే. హామీ లేని అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయి విలువైన ఆస్తి కూడా మీ వద్ద లేకపోతే, ఆ స్థితికి మీరు బాధ్యులు కారని కోర్టుకు నమ్మకం కలిగించనిదే పూర్తి డిశ్చార్జి దొరకదు. ఈ లోగా మీరు సంపాదించిన ఆస్తి సైతం రిసీవరుకే చెందుతుంది, అంటే కెనడాలో కూడబెట్టినదాని మీద కూడా ఇక్కడి నుంచి ప్రశ్న వస్తుంది. పైగా బాధ్యత తప్పించుకోవడానికే కోర్టు పరిధి దాటారని తేలితే అరెస్టుకు ఆదేశించే అధికారం సెక్షన్ 32లో ఉంది. విచారణలకు హాజరు కావలసిన మనిషి దేశం వదిలి వెళ్లడానికి ఐపీ ఏ విధంగా అనుకూలమో నాకు అర్థం కాదు. నా అనుభవంలో ఇవి ఏళ్ల తరబడి సాగుతాయి.

మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. మీకు డిశ్చార్జి వచ్చినా మీ మామగారికి, జామీనుదారులకు రాదు, ఆ సంగతి సెక్షన్ 44లోనే స్పష్టంగా రాసి ఉంది. మీరు ఐపీ పెట్టిన మరుసటి నెల నుంచి వసూలుదారులు వెళ్లేది వాళ్ల ఇంటికే.

విమానాశ్రయం విషయానికి వస్తే, కేవలం సివిల్ అప్పు ఉన్నంత మాత్రాన ఎవరూ ఆపరు. ప్రభుత్వ రంగ బ్యాంకుల అధిపతులు లుకౌట్ సర్క్యులర్ (దేశం దాటకుండా ఆపించే నోటీసు) కోరే వీలు కల్పించిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టివేసింది. అసలు ప్రమాదం చెక్కుల్లో ఉంది. ప్రోనోట్లతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే, అవి బౌన్సయితే పడే 138 (చెక్కు బౌన్సు) కేసు క్రిమినల్ వ్యవహారం, దాని వాయిదాలకు మీరు రాకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటు జారీ కావచ్చు. అప్పుడు పాస్‌పోర్టుకే ముప్పు. ఐపీ ఆ కేసును ఆపదు.

దూరంగా ఉంటే మూడేళ్లలో నోటు కాలదోషం పడుతుందన్న భ్రమ కూడా వద్దు. ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని పరిమితి గడువు లెక్కలోంచి తీసివేయాలని పరిమితి చట్టం సెక్షన్ 15 చెబుతోంది. పదేళ్ల తరువాత తిరిగి వచ్చినా ఆ నోటు బతికే ఉంటుంది.

కాల్గరీ నుంచి:

నేను 2019లో ఇలాగే ఏడు లక్షల బాకీతో వచ్చినవాణ్ని. వీసా దరఖాస్తులో మమ్మల్ని దివాలా గురించి అడగలేదు, అప్పు ఉన్నంత మాత్రాన తిరస్కరించనూ లేదు. ఇబ్బంది నిధుల రుజువు దగ్గర వస్తుంది. ముగ్గురున్న కుటుంబానికి 2025 జూలైలో సవరించిన మొత్తం 23,360 కెనడా డాలర్లు, అప్పటి మారకం రేటులో మన రూపాయల్లో పద్నాలుగు, పదిహేను లక్షల మధ్య. బ్యాంకు ఇచ్చే లేఖలో ఖాతా నిల్వ, ఆరు నెలల సగటు నిల్వతో పాటు క్రెడిట్ కార్డు బాకీలు, రుణాలు కూడా చూపించాలి. ఆ డబ్బు అప్పు తెచ్చినది కాకూడదు. నెల రోజులకు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో చూపించే పద్ధతి మన ఊళ్లలో ఉంది, దయచేసి ఆ దారి పట్టకండి. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఐదేళ్ల నిషేధం పడుతుంది.

మీ లెక్కలో ఇంకో లోపం ఉంది. వెళ్లిన మొదటి నెల నుంచే ఇండియాకు పంపుతామనుకుంటాం. నర్సుగా అక్కడి లైసెన్సు చేతికి వచ్చేదాకా మీ భార్య ఆ ఉద్యోగం చేయలేరు, మీకు మొదటి ఉద్యోగం దొరకడానికీ సమయం పడుతుంది, ఈ లోగా ఇంటి అద్దె ఆగదు. నేను మొదటి తొమ్మిది నెలలు ఒక్క రూపాయి పంపలేకపోయాను. ఆ తొమ్మిది నెలల వాయిదాలు మా నాన్నగారు తన పింఛనులోంచి కట్టారు. ఆ సంగతి నాకు ఏడాది తరువాత తెలిసింది.

ఒంగోలు అక్క:

అప్పు ఇచ్చినవారి వైపు నుంచి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. మా వారు పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన డబ్బులో నాలుగు లక్షలు మాకు తెలిసిన వ్యాపారికి నోటు మీద ఇచ్చాము. ఒకరోజు కోర్టు నుంచి నోటీసు వస్తే తెరిచి చూశాము, అప్పులవాళ్ల జాబితాలో మా వారి పేరు పంతొమ్మిదో వరుసలో ఉంది. అంతకు నెల ముందు ఒక పెళ్లిలో ఆ వ్యాపారి మా పక్కనే కూర్చుని భోజనం చేశారు. వచ్చి పరిస్థితి చెప్పి ఉంటే వడ్డీ వదిలేసి, అసలులో కొంత తగ్గించుకోవడానికి కూడా మేము సిద్ధంగా ఉండేవాళ్లం. మీ నలుగురినీ మీరే వెళ్లి కలవండి తమ్ముడూ. ఫోనులో చెప్పవద్దు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

బాబూ, మీ అంకెలను కాగితం మీద వేసి చూశాను. మీ పరిస్థితి దివాలాదాకా రాలేదని నా నమ్మకం. ప్రోనోట్ల వడ్డీయే నెలకు 22,000 అవుతోంది. కార్డుల మీద వడ్డీ సాధారణంగా నెలకు మూడు శాతం పైనే ఉంటుంది, అంటే రెండు రూపాయల వడ్డీని మించిన భారం. ఈ రెండూ ఉన్నంత కాలం మీరు ఎంత కట్టినా అసలు తరగదు. స్థలం అమ్మితే వచ్చే 18 లక్షలతో ఈ పదిహేనున్నర లక్షలూ తీరిపోతాయి. మూలధన లాభం పన్ను ఎంత పడుతుందో ముందే ఆడిటరుతో లెక్క వేయించి పక్కన పెట్టండి. మెషీన్ బ్యాంకు తనఖాలో ఉంది కనుక బ్యాంకు అనుమతి లేఖ లేకుండా అమ్మకూడదు. దాని మీద మూడు లక్షలు వచ్చినా, స్థలం తాలూకు మిగులుతో కలిపితే మామగారు హామీ ఉన్న ఖాతా దాదాపు మూతపడుతుంది. అప్పుడు మిగిలేవి పర్సనల్ లోనూ చీటీ వాయిదాలే. మీ భార్య జీతంతో ఇల్లు నడిస్తే, మీ జీతంలోంచి ఆ రెండూ కట్టవచ్చు.

కార్డు బాకీలను తగ్గించి సెటిల్ చేస్తామని ఏజెంట్లు ఫోన్లు చేస్తారు. పూర్తిగా కట్టగలిగినప్పుడు సెటిల్‌మెంటుకు వెళ్లకండి, సిబిల్ (రుణ చరిత్ర) నివేదికలో ఖాతా ముగిసిందని ఉండడానికీ సెటిల్ అయిందని ఉండడానికీ చాలా తేడా ఉంది. రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాజీ పరిష్కారం చేసుకున్నవారికి కొత్త రుణం ఇవ్వడానికి కనీసం పన్నెండు నెలల విరామం కూడా పాటించాలి. తప్పనిసరై సెటిల్ చేసుకుంటే మాత్రం మొత్తం, గడువు, మిగతా బాకీ వదులుకుంటున్నామన్న మాట స్పష్టంగా ఉన్న లేఖ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోన్ చేయకూడదన్న నిబంధన 2022 నుంచి ఉంది, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

చీటీని తేలికగా తీసుకోవద్దు. పాడుకున్న సభ్యుడు వాయిదా తప్పితే మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి అడిగే హక్కు నిర్వాహకుడికి చిట్‌ఫండ్ చట్టం ఇచ్చింది. ప్రయాణానికి ముందే అది పూర్తి కావడం మంచిది. నా మాటగా చెప్పాలంటే, ప్రయాణం ఒక ఏడాది ఆలస్యమైనా సరే, ఇతరుల సంతకం ఉన్న ప్రతి బాకీ తీరాకే విమానం ఎక్కండి. మీ ఒక్కరి పేరున ఉన్న పర్సనల్ లోన్ మాత్రం అక్కడి నుంచి కట్టుకోవచ్చు. దానికి కనీసం ఆరు నెలల వాయిదాలు ముందుగా ఖాతాలో ఉంచి వెళ్లండి.

బెజవాడ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. స్థలం గిఫ్టు ఆలోచనను ఈ రోజుతో వదిలేశాను. రాత్రి మామగారితో కూర్చుని లెక్కలన్నీ చూపించాను. ఆయనకు మెషీన్ లోన్ సంగతి తప్ప మిగతావేవీ తెలియవు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత కంకిపాడులో కొనేవారు ఎవరైనా ఉన్నారేమో తానే వాకబు చేస్తానన్నారు. నలుగురు నోటుదారుల్లో ఇద్దరిని ఆదివారం కలిశాను. ఒకరు మూడు నెలల వడ్డీ వదులుకుంటానన్నారు. రెండోవారు కోపగించుకున్నారు కాని రిజిస్ట్రేషన్ దాకా ఆగుతానన్నారు. డబ్బు ఇచ్చేటప్పుడు నోటు వెనుక చెల్లు రాయించుకుంటే సరిపోతుందా, లేక వేరే రసీదు కూడా కావాలా?

గుంటూరు న్యాయవాది:

కొంత మొత్తం ఇచ్చినప్పుడు మాత్రమే చెల్లు రాయించుకోవాలి. పూర్తిగా తీర్చినప్పుడు అసలు నోటునే వెనక్కి తీసుకుని, దాని మీద పూర్తిగా ముట్టినట్టు తేదీతో సంతకం చేయించుకోండి. డబ్బును బ్యాంకు ద్వారానే పంపండి. నోటుతో పాటు ఇచ్చిన ఖాళీ చెక్కుల నంబర్లు మీ చెక్కు పుస్తకంలో చూసి రాసుకుని, అవన్నీ లెక్కకు సరిపోయాయని చూసుకున్న తరువాతే అక్కడి నుంచి లేవండి.