పాత ట్రాక్టర్‌కి మనమే కోసుకున్న ప్యాకింగ్ చాలదా, సిలికాన్ పూయాల్సిందేనా?

మెట్ట_రైతు
మా నాన్న కొన్న మాస్సీ 1035 ఇంకా మా దగ్గరే ఉంది. రెండేళ్ల క్రితం ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఒక మెకానిక్ (పేరు వద్దులెండి) పాత కార్క్ ప్యాకింగ్ (మూత కింద ఆయిల్ కారకుండా వేసే పొర) పీకేసి, చుట్టూ ఎర్ర సిలికాన్ దట్టంగా పూసి బిగించాడు. చెమ్మ ఆగింది. మొన్న దుక్కిలో ఇంజన్ వేడెక్కగానే ఆయిల్ ప్రెజర్ ముల్లు కిందికి దిగడం మొదలైంది. చాంబర్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దించి చూస్తే పంపు జాలీకి ఎర్ర రబ్బరు ముక్కలు అతుక్కుని ఉన్నాయి, ఉడికిన సేమ్యాలాగా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఇకమీదట ఆ సిలికాన్ ట్యూబును షెడ్డులోకి రానివ్వను. ప్యాకింగ్ షీటు తెచ్చుకుని అన్ని మూతలకూ నేనే ప్యాకింగ్ కోసుకుంటా. ఇందులో తప్పేమైనా ఉందా?

ఆటోనగర్_పాతకాపు
తప్పు ట్యూబుది కాదు తమ్ముడూ, చేతిది. మూత బిగించాక సిలికాన్ బయటికి పొంగితే "బాగా పట్టింది" అని మురిసిపోతారు. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది కదా? అది లోపల గట్టిపడి అంచుకు వేలాడుతూ ఉంటుంది, వేడి ఆయిల్ తగిలి తగిలి ఏదో ఒకరోజు తెగి పడుతుంది. సన్నటి దారంలా ఒక్క వరస చాలు, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి తిప్పాలి.

ఇంకోటి. సిలికాన్ ఎండేది గాల్లో తేమతో. పూర్తిగా గట్టిపడాలంటే ఒక రోజు పడుతుంది. మనవాళ్లు అరగంటలో ఆయిల్ పోసి సెల్ఫ్ కొడతారు. జిడ్డు తుడవకుండా పూసేవాళ్ల గురించి ఇక చెప్పక్కర్లేదు.

గోదారి_గట్టు
పెద్దాయన మాట కాదనలేను గానీ, దారంలా పూసే చేతులు ఎన్ని ఉన్నాయండీ? వందలో పది కూడా ఉండవు. కంపెనీ ప్యాకింగ్ సెట్టు దొరుకుతున్న బండికి సిలికాన్ ఎందుకు, కత్తెర ఎందుకు? సెట్టు కొనండి, వేయండి, మర్చిపోండి. నాలుగు డబ్బులు మిగిలాయని సంబరపడితే ఇంజన్ పనికి పెట్టాల్సి వస్తుంది.

పసుపు_చేను
దొరికే బండి మీది కాబట్టి అలా అంటున్నారు. నాది హెచ్ఎంటీ 2511. పింజోర్‌లో 1971లో మొదలైన జెటార్ (చెక్ కంపెనీ) డిజైన్. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లోనే నిర్ణయించారు. మా ఊరి దగ్గర షాపులో సెట్టు అడిగితే నన్ను పైనుంచి కిందికి చూస్తారు. మాకు కత్తెరే కంపెనీ.

నేను చేసేది చెప్తా. మూతను నున్నగా తుడిచి, షీటును దాని మీద పరిచి, ముందు ఎదురెదురు మూలల్లో రెండు బోల్టు రంధ్రాలు చేస్తా. రంధ్రం మీద పాత బేరింగ్ గోళీ పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా తెగుతుంది. ఆ రెండింట్లో బోల్టులు దించితే షీటు ఇక కదలదు. తర్వాత చిన్న గుండు సుత్తితో అంచు వెంబడి నెమ్మదిగా కొట్టుకుంటూ పోవడమే. ఇది ఇనప మూతలకే. అల్యూమినియం మూత అంచు మీద సుత్తి పెడితే అంచు నలుగుతుంది, దానికి గ్రీజు రాసి షీటు మీద అచ్చు తీసి కత్తెరతో కోస్తా. పెద్ద రంధ్రాల కోసం ఒక పాత ఇనప పైపు ముక్క మూతిని గ్రైండర్ మీద పదును పెట్టుకున్నా. కింద చెక్క మొద్దు ఉండాలి.

ఒకసారి అత్యవసరంగా శుభలేఖ అట్టతో కూడా కోశా. మూడు పంటలు నిలబడింది! పెళ్లి సంగతి అడక్కండి.

ఆటోనగర్_పాతకాపు
శుభలేఖ పని చేసింది సరే, ఏ మూతకు వేశావు బాబూ? అసలు గొడవంతా అక్కడే ఉంది. ట్యాపెట్ కవర్‌కి మందం అటూ ఇటూ అయినా పర్వాలేదు, ఆయిల్ ఆపితే చాలు. కొన్ని చోట్ల ప్యాకింగ్ మందమే కొలత. స్టీరింగ్ బాక్స్ మూత కింద ఉండే సన్న రేకులు కారకుండా ఉండటానికి మాత్రమే కావు, బేరింగ్ బిగువు వాటితోనే సరిచేస్తారు. అవి తీసేసి సిలికాన్ పూస్తే స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. కొన్ని ఆయిల్ పంపుల మూత కింద పేపర్ ఉంటుంది, దాన్ని లావు చేస్తే గేర్ల పక్కన సందు పెరిగి ప్రెజర్ పడిపోతుంది.

అందుకే పాత ప్యాకింగ్ పారేయొద్దు. బోల్టు బిగించిన చోట మైక్రోమీటర్ (సన్న మందం కొలిచే పనిముట్టు) పెట్టి కొలవండి. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు షీట్లు షాపుల్లో దొరుకుతాయి.

డీజిల్ తగిలే చోట సిలికాన్ అసలొద్దు, ఉబ్బి మెత్తబడుతుంది. అక్కడ పేపర్‌కి షెల్లాక్ (లక్కతో చేసిన జిగురు) రాయండి. బాంజో బోల్టు (డీజిల్ పైపును బిగించే బోలు బోల్టు) రాగి వాషర్లు గట్టిపడితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి. ఇంజన్ హెడ్ కింది ప్యాకింగ్ మాత్రం కొత్తది కొనాల్సిందే, దాంట్లో బేరం లేదు.

గోదారి_గట్టు
చివరికి మీరూ కొనమనే అన్నారుగా!

ఆటోనగర్_పాతకాపు
హెడ్‌కి మాత్రమే అన్నానండీ బాబూ.

నర్సమ్మ_మనవడు
ప్యాకింగ్ కంటే నాకు టెన్షన్ అంతా సొంత పనిముట్ల మీద. ప్లేటు, మూడు బోల్టులతో పుల్లర్ (బిగుసుకున్న భాగాల్ని లాగి తీసేది) చేసుకున్నా, బాగానే పని చేస్తోంది. బండిని రెండుగా విడదీయడానికి స్టాండు కూడా వెల్డింగ్ చేయించా. మొదటిసారి ముందు యాక్సిల్ మీద సందులో, ఊగకుండా చెక్క చీలలు కొట్టడం మర్చిపోయా. యాక్సిల్ మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కదా, హౌసింగ్ విడిపోగానే ఇంజన్ ఒక పక్కకి ఒరిగింది. పక్కన నిలబడ్డ మా బాబాయి కాలు తీశాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి రెండు పక్కలా చీలలు పడేదాకా బోల్టు ముట్టను.

పాత బూడిద రంగు షీటు గీకేటప్పుడు కూడా జాగ్రత్త. అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించొద్దు, తడిపి రేకుతో గీకండి.

మెట్ట_రైతు
అందరికీ థ్యాంక్స్. ట్యాపెట్ కవర్‌కి కార్క్ షీటు తెచ్చా, పొద్దున్నే కోస్తా. ట్యూబు పారేయలేదులెండి, పైన అటక మీద పెట్టా. క్లచ్ పని కూడా ఉంది, ఇంజన్‌ని ఇంటి ముందు వేప కొమ్మకి చైన్ పుల్లీ కట్టి లేపుదామనుకుంటున్నా.

ఆటోనగర్_పాతకాపు
కొమ్మకు కట్టకు తమ్ముడూ. చైన్ పుల్లీ ఎంత బరువు మోస్తుందో దాని మీద రాసుంటుంది, కొమ్మ మీద ఎవరూ రాయలేదు. మూడు కాళ్ల ఇనప స్టాండు అద్దెకు తెచ్చుకో.