భద్రిరాజు కృష్ణమూర్తిగారి సభ: ఆగస్టు పనులు, గుంటూరు నుంచి

అందరికీ నమస్కారం. నేను గుంటూరు వచ్చి పది రోజులైంది, అమ్మ దగ్గర ఇంకో మూడు వారాలుంటాను. ఫిలడెల్ఫియాలో మనం భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారిని తలుచుకుంటూ చేసే సభకు ఇక్కణ్ణుంచి ఏం కావాలో ఇప్పుడే చెప్తే వెతికి తెచ్చే టైం ఉంటుంది.

పోయినేడు మన సభలో ఉపన్యాసాలు రెండు గంటలు సాగాయి. పిల్లలంతా మెల్లగా బయటికెళ్లి ఆడుకున్నారు. ఈసారి దయచేసి అలా వద్దు. కృష్ణమూర్తిగారి పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయం మాటలతో మొదటి సంపుటం 1962లో, చేనేత మాటలతో రెండోది 1971లో వచ్చాయి. ఊళ్లకు వెళ్లి, పని చేసేవాళ్లనే అడిగి, ఒకే వస్తువును ఏ ప్రాంతంలో ఏమంటారో రాసుకున్నారు. మన వైపు నాగలి, రాయలసీమలో మడక. రెండూ పుస్తకంలోకి ఎక్కాల్సిన మాటలేనని ఆయన నమ్మారు. మనం కూడా అలాగే మాటలు అడిగి తెచ్చి సభలో పెడదామని నా కోరిక.

అందుకే మొన్న మంగళగిరి వెళ్లాను. అమ్మకు తెలిసిన ఒక నేత తాతగారున్నారు. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానంటే, "ఇవన్నీ ఎవరికి కావాలమ్మా?" అన్నారు. పెన్సిల్వేనియాలో పిల్లలకు అని చెప్పాను. ఆయన నేత ఆపి, గుంట మగ్గంలోంచి లేచి వచ్చి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూపించారు. పడుగు, పేక (అడ్డ దారం), నాడె (పేకను అటూ ఇటూ నడిపేది), కండె (నాడెలో పెట్టే దారపు చుట్ట), అచ్చు (దారాలను వరసలో ఉంచే దువ్వెన లాంటిది), ఆసు (నూలు చుట్టే చట్రం). "పడుగు పేకల్లా కలిసిపోయారు" అని పెళ్లిళ్లలో అంటూనే ఉంటాం కానీ, పడుగంటే నిలువు దారమని ఆ రోజే నా కళ్లతో చూశాను. నలభై నిమిషాల రికార్డింగ్ ఉంది. విన్నప్పుడల్లా ఆ గొంతు మీ అందరికీ వినిపించాలనిపిస్తోంది.

మిర్చి మాటలు అమ్మే చెప్పింది. కాయ తొడిమను ముచ్చిక అంటారు, రంగు పోయి తెల్లబడినవి తాలు, ఎండబోసే చోటు కళ్లం, యార్డుకు తోలే బస్తా టిక్కీ.

హాల్ బుకింగ్ చూస్తున్న తమ్ముడు: అక్కా, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం ఎలాగూ చేస్తాం. రెండూ కలిపేస్తే ఒక హాల్ అద్దె మిగులుతుంది కదా?

నేను: అద్దె సంగతి నాకూ తెలుసు తమ్ముడూ. కానీ 29 గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. కృష్ణమూర్తిగారు పోయింది 2012 ఆగస్టు 11న. కలిపితే ఒకరికి పావుగంట మిగులుతుంది. హాల్ కన్నా లైబ్రరీలో గది అడిగి చూడు, ఆగస్టు రెండో శనివారానికి. పైగా ఆయన మనకు ఇక్కడివారు, అక్కడివారు కూడా. 1928లో ఒంగోలులో పుట్టారు, అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉంది. 1957లో డాక్టరేటు తీసుకున్నది ఫిలడెల్ఫియాలోనే, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉపకులపతి పదవి, ఇవన్నీ బోర్డు మీద రెండు లైన్లలో రాస్తే చాలు.

తెలుగు బడి టీచరుగారు: పిల్లలకు భాషా కుటుంబం బోర్డు చేయిస్తాను. తెలుగు పక్కన తమిళం, కన్నడం పెట్టమంటారా?

నేను: అక్కడే ఆగాలండీ టీచరుగారూ! మనందరం అలాగే అనుకుంటాం. కృష్ణమూర్తిగారి వర్గీకరణలో తెలుగుకు దగ్గరి చుట్టాలు గోండి, కొండ, కుయి, కువి, పెంగొ, మండ భాషలు. ఈ కొమ్మను దక్షిణ మధ్య ద్రావిడ శాఖ అంటారు. తమిళం, కన్నడం పక్క కొమ్మ మీద ఉండాలి. అరకు వైపు కొండల్లో మాట్లాడే కొండ భాష మీద ఆయన 1969లో పుస్తకమే రాశారు. లిపి లేని భాషకు కూడా తెలుగుకిచ్చినంత మర్యాద ఇచ్చారు, అది పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఒక చిన్న ఆట కూడా పెట్టొచ్చు. తమిళంలో ఉరల్, మనకు రోలు. తమిళంలో ఇరండు, మనకు రెండు. మొదట్లో ఉన్న అచ్చు, దాని పక్కనున్న హల్లు చోట్లు మార్చుకోవడంతో మన మాటలు 'ర'తో మొదలవుతున్నాయి. కుయి, కువి భాషల్లోనూ ఇలాంటి మార్పు కనిపిస్తుంది. తమిళం తెలిసిన పిల్లలు మన బడిలో ఉన్నారు కదా, వాళ్లను ఆ పక్క నిలబెడితే వాళ్లంతట వాళ్లే కనిపెడతారు.

భోజనాలు చూస్తున్న వదిన: గోంగూర, గుంటూరు కారం తెస్తున్నావా?

నేను: కారం తెస్తాను వదినా. పచ్చళ్లకు బరువు సరిపోదు, నాడె ఒకటి, కండెలు రెండు, మంగళగిరి బట్ట తెస్తున్నాను. పులిహోర, పెరుగన్నం మీరే చూడండి.

ఇంకొకటి అందరికీ. సభకు వచ్చే పెద్దవాళ్లలో వ్యవసాయం చేసినవాళ్లు, కుండలు చేసినవాళ్లు, వడ్రంగం తెలిసినవాళ్లు ఎవరున్నారో కనుక్కోండి. పిల్లలు కాగితం పట్టుకుని వాళ్ల పక్కన కూర్చుని మాటలు రాసుకోవాలి. మాట ఏ ఊరిదో పక్కనే రాయించండి, అది లేకపోతే సగం విలువ పోతుంది.

ఆదివారం మళ్లీ మంగళగిరి వెళ్తున్నాను. తాతగారిని అడగాల్సినవి ఉంటే మీ శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ రాయండి.