తనుకి నిజం జంతువా, కథల్లోదా? పాప చార్టులో ఎక్కడ రాయను?

షిగాలో కాపురం:
అందరికీ నమస్కారం. మా పాపకి నాలుగేళ్లు, ఇక్కడ జపాన్‌లో హోయికుయెన్‌కి, అంటే చిన్నపిల్లల బడికి, వెళ్తోంది. రోజూ సాయంత్రం ఒక కొత్త జంతువు పేరు మోసుకొస్తుంది. వాటికి తెలుగు పేర్లు రాసి గోడకి చార్టు అంటిద్దామని మూడు గళ్లు గీశాను: ఇప్పుడున్నవి, అంతరించినవి, కథల్లోవి. ఉసాగి కుందేలు, కామే తాబేలు... అంతవరకు బాగానే ఉంది. తనుకి దగ్గర ఆగిపోయాను.

మట్టిపాత్రల ఊరు షిగరాకికి వెళ్తే ఏ కొట్టు ముందు చూసినా మట్టి తనుకి బొమ్మే. నెత్తిన గడ్డి టోపీ, ఒక చేతిలో సాకే (బియ్యం సారా) సీసా, ఇంకో చేతిలో అరువు పద్దుల పుస్తకం, బానపొట్ట. ఇది కథల్లోదే అనుకుని మూడో గడిలో రాసేశాను. మొన్న రాత్రి సైకిలుకి తాళం వేద్దామని కిందికి దిగితే, పొదలోంచి అదే మొహం నన్నే చూస్తోంది! టోపీ ఒక్కటే లేదు. దీన్ని తెలుగులో ఏమంటారండీ? మావారు "ఎలుగుపిల్లి అని రాసెయ్" అంటున్నారు.

నగోయా బాబాయ్:
ఎలుగూ కాదు, పిల్లీ కాదమ్మా. అది కుక్క కుటుంబానికి చెందిన జంతువు, చెట్లు కూడా ఎక్కుతుంది. చాలామంది రకూన్ అనుకుంటారు. రకూన్‌ని ఇక్కడ అరాయిగుమ అంటారు, అంటే కడిగే ఎలుగు. దాని తోక మీద చారలుంటాయి, తనుకికి ఉండవు. తెలుగు పేరు కోసం తల బద్దలు కొట్టుకోకు, జిరాఫీని జిరాఫీ అన్నట్టే తనుకి అనేసెయ్.

అన్నట్టు జిరాఫీని ఇక్కడ కిరిన్ అంటారు కదా, అది మొదట చైనా కథల్లోని దివ్యమృగం పేరు. 1907లో టోక్యోలోని ఉయెనో జూకి జిరాఫీలు వచ్చినప్పుడు ఆ పేరుతోనే జనానికి చూపించారు. కిరిన్ బీరు సీసా మీదున్నది కథల్లోదే. బకు కూడా అంతే: కథలో పీడకలలు తినేది, జూలో టాపిర్, అదే పొట్టి తొండం లాంటి ముక్కున్న జంతువు. రెండూ రెండేసి గళ్లలో రాయాలి.

కోచి నుంచి:
అక్కా, రెండో గడికి మా దగ్గర ఒకటుంది. కవఉసో, అంటే నీటికుక్క. జపాన్ నీటికుక్క చివరిసారి ఖాయంగా కనిపించింది మా సుసాకిలోనే, 1979లో. 2012లో ప్రభుత్వం అంతరించిందని ప్రకటించింది. ఇప్పుడు ఊరి గుర్తు బొమ్మ (మస్కట్) అదే, నెత్తిన రామెన్ నూడుల్స్ గిన్నె టోపీ పెట్టుకుని తిరుగుతుంది. పాత కథల్లో అది మనిషి వేషం కూడా వేసేది, కాబట్టి మూడో గడిలో కూడా రాయాలేమో.

ఓకామి అంటే తోడేలు. ఉత్తరాన హొక్కయిదో దీవి తోడేలుని పక్కన పెడితే, ఇక్కడి చివరిది 1905లో నారా కొండల్లోని వషికగుచిలో దొరికింది. ఆండర్సన్ అనే అమెరికన్ ఆ కళేబరాన్ని కొన్నాడు, చర్మం లండన్ మ్యూజియంలో ఉంది. చిచిబులో మిత్సుమినే గుడికి వెళ్తే కాపలాగా తోడేలు విగ్రహాలే కనిపిస్తాయి.

షిగాలో కాపురం:
థాంక్స్ బాబాయ్ గారూ, థాంక్స్ తమ్ముడూ. తనుకిని మొదటి గడిలోకి మార్చేశాను, మావారికి కాస్త కోపమొచ్చింది. ఓకామి దగ్గరే టెన్షన్. వచ్చే నెల హోయికుయెన్‌లో ఏడు మేకపిల్లల నాటకం, మా పాపది తోడేలు వేషం. రోజూ అద్దం ముందు గర్జిస్తోంది. ఆ ఒక్క పేరు పెన్సిల్‌తో రాసి ఉంచాను.