గాలి వీస్తే ఎస్‌డబ్ల్యూఆర్ ఎగిరిపోతోంది, తప్పు కనెక్టర్‌దేనా?

కావలి_2మీటర్లు:
అందరికీ నమస్కారం. నా హ్యామ్ రేడియో (అభిరుచిగా నడిపే వైర్‌లెస్) సెట్ గురించి అడుగుతున్నాను. మిద్దె మీద జీఐ పైపుకు 145 మెగాహెర్ట్జ్ గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా (నిలువు కడ్డీ, దాని మొదట్లో చుట్టూ రేడియల్స్ అనే కడ్డీలు), అక్కడి నుంచి గదిలోకి ఆర్‌జీ-213 కేబుల్ (మధ్యలో తీగ, చుట్టూ షీల్డ్‌గా బ్రెయిడ్ అనే తీగల అల్లిక), రెండు చివర్లా పీఎల్-259 కనెక్టర్లు. మధ్యాహ్నం ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా వైపు నుంచి ఎంత తిరిగొస్తోందో తెలిపే అంకె, 1 అయితే ఏమీ తిరిగి రానట్టు) 1.3 చూపిస్తుంది. పొద్దున్నే మంచు పడినప్పుడు, గాలి పెరిగినప్పుడు ముల్లు ఒక్కసారిగా 3 దాటుతుంది, రిసీవ్‌లో గరగర. మల్టీమీటర్‌తో చూస్తే కంటిన్యుటీ బాగానే ఉంది. సెట్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. మిచౌంగ్ లాంటి తుపాను మళ్లీ వచ్చి ఫోన్లు మూగబోతే, ఊళ్లో ఈ సెట్ పలకాలి కదా. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఒంగోలు_పాత_హ్యామ్:
సెట్ మూత విప్పొద్దు తమ్ముడూ. మంచుకీ గాలికీ మారుతోందంటే తప్పు చాలావరకు బయటే ఉంటుంది. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పవర్‌ను మింగే రెసిస్టర్) ఒకటి సంపాదించు. ముందు ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ అవుట్‌పుట్‌కే తగిలించి, తక్కువ పవర్‌లో చూడు. ముల్లు 1 దగ్గరే నిలబడి ఉంటే సెట్, మీటర్, వాటి మధ్య ఉన్న చిన్న ప్యాచ్ కేబుల్ మూడూ బాగున్నట్టే. ప్యాచ్ కేబుల్‌ను కనెక్టర్ మొదట్లో పట్టుకుని అటూ ఇటూ వంచి మరీ చూడు. తర్వాత డమ్మీ లోడ్‌ను మిద్దె మీదకు తీసుకెళ్లి, యాంటెన్నా తీసి ఆ చివర పెట్టు. ఒకరు గదిలో మీటర్ చూస్తుంటే ఇంకొకరు పైన కేబుల్ కదపాలి. ముల్లు ఎక్కడ మొదటిసారి ఎగిరితే తప్పు అక్కడే. ఈ పని ఊహతో చేయకూడదు, ఒక్కో మెట్టూ దాటుకుంటూ పోవాలి.

మల్టీమీటర్‌ను మరీ నమ్మొద్దు. నాలుగు పోగులు అంటుకుని ఉన్నా అది కుయ్‌మంటుంది. 145 మెగాహెర్ట్జ్‌లో పవర్ పంపినప్పుడు ఆ నాలుగు పోగులు చాలవు. ఇంకోటి, కొన్ని యాంటెన్నాలు, ఉదాహరణకు కడ్డీని మడిచి చివర్లు కలిపిన ఫోల్డెడ్ డైపోల్, డీసీకి ఎప్పుడూ షార్టే చూపిస్తాయి. అది చూసి కంగారుపడొద్దు.

కొత్తపట్నం_తీరం:
మాది సముద్రం పక్కనే అండి. ఇక్కడ ఉప్పు గాలే అసలు శత్రువు. పీఎల్-259 వాన నీటిని ఆపేలా తయారైంది కాదు, అందులో రబ్బరు వాషర్ ఉండదు. తడి లోపలికి చేరిందా, బ్రెయిడ్ వెంట పాకుతూ కేబుల్‌లో మూరల కొద్దీ పోతుంది. పైన కనెక్టర్ విప్పి చూడండి. పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే, బ్రెయిడ్ నల్లబడి ఉంటే, మెరిసే రాగి కనబడేదాకా కేబుల్ కోసేయాల్సిందే. గీకి మళ్లీ వాడితే వచ్చే వానకు అదే కథ.

గ్రౌండ్ ప్లేన్ అంటున్నారు కాబట్టి రేడియల్స్ బిగించిన స్క్రూలు కూడా చూడండి. అల్యూమినియం కడ్డీలు, ఇత్తడి సాకెట్ కలిసినచోట ఉప్పు తడి తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. బిగుతుగానే కనిపిస్తుంది కానీ కాంటాక్ట్ ఉండదు.

పొదిలి_సోల్డర్:
మా వైపు ఉప్పు లేదు, ఎండే. కేబుల్ మీది ప్లాస్టిక్ పగులుతుంది, కనెక్టర్లు వదులవుతాయి. పీఎల్-259 పెట్టేటప్పుడు దాని మూతి మీది చిన్న పళ్లు ఎస్‌ఓ-239 సాకెట్ అంచున ఉన్న గాట్లలో కూర్చున్నాయో లేదో చూడాలి. కూర్చోకపోయినా రింగ్ బిగిసినట్టే ఉంటుంది, రెండు రోజులు గాలికి ఊగితే వదులైపోతుంది. వదులైతే ముందు పోయేది షీల్డ్ కాంటాక్టే.

సోల్డరింగ్ దగ్గరే ఎక్కువమందికి తేడా వస్తోంది. 25 వాట్ల ఐరన్‌తో మధ్య పిన్ను అంటుకుంటుంది, బాడీ మాత్రం వేడెక్కదు. లెడ్డు రంధ్రం పైన ముద్దగా నిలబడుతుంది కానీ కింద బ్రెయిడ్‌ను పట్టుకోదు. లావు మొన ఉన్న 100 వాట్ల ఐరన్ తీసుకోండి. రంధ్రాల చుట్టూ నికెల్ పూతను ఆకురాయితో గీకండి, ఫ్లక్స్ పెట్టి త్వరగా ముగించండి. ఎక్కువసేపు కాలిస్తే లోపలి పాలిథిలిన్ మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది. చల్లారేదాకా కదపొద్దు.

నెల్లూరు_మూలాపేట:
బయట మిద్దె మీద అసలు పీఎల్-259 ఎందుకు? ఎన్-టైప్ కనెక్టర్ పెట్టండి. లోపల రబ్బరు ఉంటుంది, 50 ఓమ్‌లు పక్కాగా నిలబడుతుంది. కాకపోతే 75 ఓమ్‌ల ఎన్-టైప్ కూడా దొరుకుతుంది, దాని పిన్ను సన్నం. 50 సాకెట్‌లో పెడితే వదులుగా ఉండి ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు.

ఒంగోలు_పాత_హ్యామ్:
ఎన్-టైప్ మంచిదే, కాదనను. కానీ 7 మెగాహెర్ట్జ్‌కు పీఎల్-259తో ఏ ఇబ్బందీ లేదు. 145లో కూడా సరిగ్గా సోల్డర్ చేసి, టేప్ చుడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పేరు మార్చినంత మాత్రాన చేతి పని బాగుపడదు.

కావలి_2మీటర్లు:
దొరికింది! గదిలో అంతా బాగుంది. మిద్దె చివర డమ్మీ లోడ్ పెట్టి కేబుల్ వంచగానే ముల్లు ఎగిరింది. కనెక్టర్ కోసి చూస్తే పొదిలి అన్న చెప్పిందే: షాపులో కట్టి ఇచ్చిన ఆ కనెక్టర్‌లో నాలుగు రంధ్రాల్లో ఒక్కదానికే లెడ్డు దిగింది. బ్రెయిడ్ జానెడు దాకా నల్లగా ఉంది. అది కోసేసి కొత్తది వేశాను. ఇప్పుడు ఊపినా 1.2 దగ్గరే ఉంది. మిగతా కేబుల్ కూడా తడిసి ఉంటుందా?

ఒంగోలు_పాత_హ్యామ్:
తక్కువ పవర్‌లో, పై చివర ఏమీ తగిలించకుండా ఒక్క క్షణం చూడు. మంచి కేబుల్ అయితే పంపిన పవరంతా తిరిగొస్తుంది కాబట్టి ముల్లు చాలా పైకి పోవాలి. 3 దగ్గరే ఆగితే కేబుల్ 3 డీబీ, అంటే సగం పవర్ తినేస్తోందన్నమాట. తడిసిన కేబుల్ యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్‌ను కూడా మింగి, ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందని నమ్మిస్తుంది. అందుకే కింది మీటర్ చూసి సంతోషపడిపోకూడదు.

కావలి_2మీటర్లు:
చూశాను, ముల్లు పూర్తిగా చివరికి పోయింది. కేబుల్ బాగున్నట్టే. ఇక సీల్ చేయాలి. సిలికాన్ పూయమంటారా?

కొత్తపట్నం_తీరం:
వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేప్ దొరుకుతుంది, దాన్ని సాగదీసి చుట్టండి. కేబుల్ వైపు, అంటే కింద మొదలుపెట్టి, సగం మీద సగం పడేలా పైకి రండి. పెంకుటింటి పెంకుల్లా నీరు ఒకదాని మీద నుంచి ఇంకొకదానికి జారిపోతుంది. ఎండకు ఆగడానికి దాని మీద నల్ల పీవీసీ టేప్. కిటికీలోకి దూరే ముందు కేబుల్‌ను కొంచెం కిందికి వంపు తిప్పి పైకి తీసుకోండి, కేబుల్ వెంట వచ్చిన నీళ్లు అక్కడే కారిపోతాయి. పైపు ఎత్తేటప్పుడు కరెంటు తీగలకు దూరంగా ఉండండి.

కావలి_2మీటర్లు:
ఆదివారం టేప్ చుట్టేస్తాను. రేడియల్ స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ స్టీల్‌వి మారుస్తాను. అందరికీ 73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు).