డేర్‌డెవిల్ రెండో సీజన్: మొదటి నాలుగు ఎపిసోడ్ల ఊపు చివరిదాకా ఎందుకు అందలే?

పానగల్లు_పోరగాడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. నల్గొండల మేం ఐదుగురం కలిసి 6 ఎపిసోడ్ల చిన్న వెబ్ సిరీస్ రాస్తున్నం. రాత్రిపూట మొఖానికి రుమాలు కట్టుకొని మూసీల ఇసుక లారీలను ఆపే మనిషి కథ. ఇసోంటి చీకటి కథలు ఎట్ల నడుస్తయో తెల్సుకుందామని అమెరికా సూపర్‌హీరో సిరీస్ డేర్‌డెవిల్ రెండో సీజన్ (2016, 13 ఎపిసోడ్లు) ముందల పెట్టుకున్నం. మొదటి నాలుగు ఎపిసోడ్లు రెప్ప కొట్టనియ్యలే. ఎనిమిదోది దాటినంక మనసు నిలుస్తలేదు. నటులు వాళ్లే, ఫైట్లు ఇంకా ఎక్కువే ఉన్నయి. మరి ఎక్కడ తేడా కొట్టింది? ఇంకోటి, సగం సీన్లు టీవీల నల్లటి ముద్దలెక్క కనిపిస్తున్నయి. అది షో తప్పా, టీవీ తప్పా?

మూసీ_ఒడ్డు:

కథంతా బయటపెడుతున్న, చూడనోళ్లు ఇక్కడ ఆగుండ్రి.

తమ్మీ, తేడా రాతల ఉన్నది. మొదటి నాలుగిట్ల నడిచేది ఒకటే ప్రశ్న: చంపకుండ ఊరిని కాపాడొచ్చా? హీరో మ్యాట్ మర్డాక్‌కు కండ్లు కనిపియ్యవు, చెవులతోనే అన్నీ పట్టుకుంటడు. పగలు వకీలు, రాత్రి ముసుగు. కొడతడు గని చంపడు. పనిషర్ అనే ఫ్రాంక్ క్యాసిల్ మాత్రం, నువ్వు కొట్టి వదిలినోడు రేపు మళ్ల లేస్తడంటడు. ఈ వాదనను ఉపన్యాసం చెయ్యకుంట వస్తువుల మీద పెట్టిన్రు. మూడో ఎపిసోడ్‌ల మిద్దె మీద మ్యాట్‌ను గొలుసులతోని కట్టేసి, చేతికి టేపుతోని తుపాకి చుట్టి, అండ్ల ఒకటే తూటా పెడతడు ఫ్రాంక్. ఎదురుంగ గ్రోటో అనే నేరస్తుడు. అతన్ని బతికియ్యాలంటే ఫ్రాంక్‌ను కాల్చాలె. మ్యాట్ ఆ తూటాను గొలుసు మీద వాడుకుంటడు, గ్రోటో మాత్రం దక్కడు. మ్యాట్ నియమం నిలబడ్డది, దానికి ఒక ప్రాణం ఖర్చయింది. ఒక తూటా, ఒక గొలుసు, ముగ్గురు మనుషులు. మీ రాతకు గింతకంటె మంచి పాఠం దొరకది.

నాలుగోదాంట్ల శ్మశానం సీన్ చూడుండ్రి. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన రాత్రి బిడ్డ పుస్తకం చదువుమంటే, అలసిపోయి రేపు చదువుతనన్నడు ఫ్రాంక్. ఆ రేపు రాలే. ఫ్రాంక్ వేషం వేసిన జాన్ బెర్న్‌థాల్ కూసొని మాట్లాడుతుంటే కెమెరా మొఖాన్ని వదలది. తుపాకి పేలకుంటనే సీజన్ మొత్తంల ఎక్కువ దెబ్బ తాకేది అక్కడ్నే.

అయిదో ఎపిసోడ్ నుంచి మ్యాట్ పాత ప్రేయసి ఎలెక్ట్రా కథ, హ్యాండ్ అనే రహస్య దండు కథ మొదలైతయి. దాని ప్రశ్న వేరు. రెండు ప్రశ్నలు ఒకదానికొకటి ఎదురుపడవు, పక్కపక్కపొంటి నడుస్తయి. పట్టుబడ్డ ఫ్రాంక్ తరఫున కోర్టుల వాదించేది మ్యాట్, ఆయన జోడు వకీలు ఫాగీ. ఎలెక్ట్రా పని మీద పోయి మ్యాట్ కోర్టుకు ఆలస్యమైతడు, కేసు మొదలువెట్టే మాటలు ఫాగీనే చెప్పాల్సొస్తది. ఆడిదాక బాగనే ఉన్నది. ఎనిమిదోదాంట్ల ఫ్రాంక్ బోనెక్కి కావాల్నని కేసును పాడుచేసుకుంటడు, అంతే, విచారణ కథ అక్కడ్నే తెగిపోతది. వకీలు ముసుగేసుకుంటే చట్టానికి ఏమైతది అన్న వాదన పండాల్సిన చోట గింజ పట్టకముందే కోసేసిన్రు. ఇటు హ్యాండ్ ఊరి నడుమ తవ్విన పెద్ద గుంట ఎందుకో ఈ సీజన్‌ల చెప్పరు. దాని జవాబు 2017ల వచ్చిన ది డిఫెండర్స్ అనే ఇంకో సిరీస్‌ల ఉన్నది. సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి తొందరగ అర్థమైతది: మొదట్ల తూములు ఎక్కువ తెరిస్తే కొసకు నీళ్లు పోవు.

పాలమూరు_ఫ్రేమ్:

ఫైట్ల గురించి నేను చెప్త. ఎక్కువుంటే బలమనుకోవద్దు. ప్రతి ఫైట్‌కు ఒక అడ్డంకి, ఒక దిక్కు ఉండాలె. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్‌ల వసారా ఫైట్ ఉన్నది. ఒకటే షాట్. అండ్ల మ్యాట్ అలసిపోతడు, గోడకు ఒరుగుతడు, కింద పడ్డోళ్లు మళ్ల లేస్తరు. అడ్డంకి అలసట. రెండో సీజన్ మూడోదాంట్ల మెట్ల ఫైట్‌కు అడ్డంకి చేతులే: ఒక చేతికి గొలుసు, ఇంకో చేతికి టేపు చుట్టిన ఖాళీ తుపాకి. దిక్కు కిందికి. ఒక్కో అంతస్తు దిగుతుంటే ఎంత మిగిలిందో చూసేటోళ్లకు తెలుస్తనే ఉంటది. కట్‌లు చీకట్ల దాచి ఒకటే షాట్ లెక్క కనిపించేటట్టు చేసిన్రు. మీరు గూడ అట్లనే దాచుకోవచ్చు: మనిషి వీపు కెమెరాకు అడ్డమొచ్చినప్పుడు, స్తంభం దాటేటప్పుడు, లైటు ఆరినప్పుడు.

తొమ్మిదోదాంట్ల జైలు ఫైట్‌ను దీని పక్కన పెట్టి చూడుండ్రి. ఫ్రాంక్ తెల్ల బట్టల మీద నెత్తురు పెరుక్కుంట పోతది. మ్యాట్ ఆపడానికి కొడతడు, ఫ్రాంక్ ముగించడానికి కొడతడు. ఇద్దరి దెబ్బలు ఒక్క తీరుగ ఉండవు. మీ హీరోకు, మీ విలన్ మనుషులకు ఇట్ల వేరే చేతివాటం పెట్టుండ్రి.

తర్వాతి ఎపిసోడ్లల హ్యాండ్ దండు నింజాల తోటి ఫైట్లు ఎందుకు చప్పగున్నయి అంటే, వాళ్లకు మొఖం లేదు, నొప్పి లేదు. గుండె చప్పుడు దాచుకుంటరు కాబట్టి మ్యాట్‌కు వినిపించరు. ఈ ఆలోచన బంగారం లెక్కటిది, చెవులతోని బతికేటోనికి చెవులు పనిచెయ్యకుంట చేసుడు. గని తెర మీద మళ్ల అవే కత్తులు, అవే ఎగురుడు. ఆ నిశ్శబ్దాన్ని మనకు వినిపించే పని సరిగ చెయ్యలే.

కృష్ణమ్మ_అల:

మూసీ అన్నా, ఎలెక్ట్రా మీద మీరు కొంచెం గట్టిగ వేసిన్రు. ఎలోడీ యుంగ్ పాత్ర రాకుంటే మ్యాట్ లోపలి చీకటి బయటికి రాదు. ఫ్రాంక్ అడిగేది “ఎందుకు చంపవు?” అని. ఎలెక్ట్రా అడిగేది “కొట్టేటప్పుడు నీకు సంతోషం కాదా?” అని. రెండోది ఇంకా లోతైన ప్రశ్న. రెండు కథలు అసలే తాకవనుడు గూడ సరిగాదు. విచారణల శవపరీక్ష డాక్టర్‌ను ఎలెక్ట్రా బెదిరిస్తది, ఆ సాక్ష్యం చెల్లకుండ పోతది. ఆమె కథ వచ్చి ఫ్రాంక్ కేసును కూల్చింది అక్కడ్నే. అది ఒక్కసారే జరిగింది, ఇంకో మూడు సార్లు జరగాల్సింది. ఆమెను బ్లాక్ స్కై అని పేరు పెట్టి హ్యాండ్‌కు ఆయుధం చేసిన్రు సూడుండ్రి, నష్టం అక్కడున్నది. తన ఇష్టంతోని నడిచే ఆడమనిషి, పన్నెండోదానికొచ్చేసరికి ఎవరో రాసిన జాతకం అయిపోయింది.

ఇంకో బలం ఎవ్వరు చెప్పలే: విశ్వాసం. మ్యాట్ కతోలికుడు. పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఒప్పుకునేటందుకు, చర్చికి పోయి ఫాదర్‌తోని మాట్లాడేటోడు రాత్రి ఎముకలు ఇరుస్తడు. ఆ బరువు ఉన్న సీన్లల షో ఎప్పుడూ పడిపోలే.

పానగల్లు_పోరగాడు:

శానా సంతోషం. మా కథల ఇసుక కాంట్రాక్టర్ ముందుంటడు, ఆయన వెనుక ఒక పెద్దమనిషి. ఆయన్ని 5వ ఎపిసోడ్‌ల బయటపెడదామనుకున్నం. సరేనా?

మూసీ_ఒడ్డు:

ఎలెక్ట్రా గురించి అక్క చెప్పింది ఒప్పుకుంటున్న, ఆ డాక్టర్ ముచ్చట నేను మరిచిన.

పెద్దమనిషి సంగతికి ఈ సీజన్‌ల మత్తుమందు దందా నడిపే బ్లాక్‌స్మిత్‌ను చూడుండ్రి. ఆయన అసలు ఎవరంటే ఫ్రాంక్ పాత కర్నల్, షూనోవర్. ఎనిమిదోదాంట్ల ఫ్రాంక్ తరఫున సాక్ష్యం చెప్పి పోతడు, మళ్ల పన్నెండోదాంట్ల ముసుగు తీస్తరు. నడుమ ఆయనతోని మనకు పరిచయమే లేదు, అందుకే బయటపడ్డా గుండె ఝల్లుమనది. మొదటి సీజన్ విలన్ విల్సన్ ఫిస్క్ ఎనిమిదోదాని చివర్ల జైలుల కనిపించంగనే షోకు ప్రాణం లేచొస్తది, ఆయన ఏం కోరుకుంటడో మొదటి సీజన్ మొత్తం చూసినం కాబట్టి. మీ పెద్దమనిషిని మొదటి ఎపిసోడ్‌లనే పెట్టుండ్రి, మామూలు పని చేసుకుంట: పెండ్లికాడ బంతి వడ్డిస్తడు, హీరో తల్లికి దవాఖాన పైసలు కడతడు. ప్రతి ఎపిసోడ్‌ల ఒక నిమిషమన్న రావాలె.

పాలమూరు_ఫ్రేమ్:

టీవీ ప్రశ్న మిగిలింది. షో చీకటిదే, గని ముద్దలు కనిపిస్తే లోపం మన దగ్గర. పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి సినిమాకు మార్చుండ్రి. కరెంటు ఆదా, గది వెలుతురు సెన్సార్, డైనమిక్ కాంట్రాస్ట్ మూడూ బందు పెట్టుండ్రి, సీన్ చీకటైనప్పుడల్లా తెరను ఇంకా ముంచేటివి అవే. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిద రంగైతది, మొఖాలు తేలవు, అందుకే బ్యాక్‌లైట్ పెంచుండ్రి. యాప్‌ల డేటా ఆదా తీసెయ్యుండ్రి, నెట్ 5 ఎంబీపీఎస్ కంటె తగ్గితే నీడలన్నీ గడులు గడులుగ పగిలిపోతయి. ఎదురుంగ ట్యూబ్‌లైట్ ఆర్పి, టీవీ వెనక ఒక చిన్న బల్బు చాలు. మెట్ల ఫైట్ పెట్టి చూడుండ్రి: గోడ అంచు, గొలుసు కడియాలు విడివిడిగ కనిపిస్తే సెట్టింగ్ కుదిరినట్టే. మ్యాట్ వినేది మనం గూడ వినాలంటే టీవీ స్పీకర్లు సరిపోవు, హెడ్‌ఫోన్ పెట్టుకోండ్రి. బెర్న్‌థాల్ గొణుగుడుకు సబ్‌టైటిల్స్ పెట్టుకోక తప్పది.