చిట్టెలుకల్లో జన్యు ప్రతులు పెరిగితే మేలేనా?

ప్రశ్న: స్వేచ్ఛగా తిరిగే చిట్టెలుకల్లో ఒకే జన్యువుకు కొన్నిటిలో ఒక్క ప్రతి, మరికొన్నిటిలో 30కి పైగా ప్రతులు ఉంటాయని చదివాను. ఎలుకకు మేలు జరగనిదే అవి అంతగా పెరుగుతాయా?

జవాబు 1: పెరగవచ్చునండీ. 2వ క్రోమోజోమ్‌పై ఉన్న ఆర్2డి2 అనే డీఎన్‌ఏ భాగాన్నే చూడండి: తల్లి ఎలుకలో అండం ఏర్పడేటప్పుడు, ప్రతులు ఎక్కువున్న రూపం తన న్యాయమైన సగం వాటాను మించి అండంలోకి చేరుతుంది కనుక, ఒక్కో ఈతలో పిల్లల సంఖ్య తగ్గినా అది వ్యాపిస్తూనే ఉంటుంది. నన్ను అమితంగా ఆశ్చర్యపరచిన సంగతి ఇది.

జవాబు 2: మగ ఎలుకలో ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉన్న ఎస్ఎల్ఎక్స్, వై క్రోమోజోమ్‌పై ఉన్న ఎస్ఎల్‌వై జన్యువులు, తమ క్రోమోజోమే ఎక్కువ పిల్లలకు చేరేలా పోటాపోటీగా ప్రతులు పెంచుకున్నాయి. ఎస్ఎల్‌వై పనితీరు తగ్గితే ఎక్స్‌దే పైచేయి అయి, ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయి.

ప్రశ్న అడిగినవారు: అంటే ఈ పోటీ ఎలుకల మధ్య కాదు, ఒకే ఎలుకలోని క్రోమోజోమ్‌ల మధ్యనన్నమాట. ధన్యవాదాలండీ.