ట్రమడాల్ ఆపినాక ఒంట్లో సొంత నొప్పి మందు మళ్ళా ఊరుతుందా?

ప్రొద్దుటూరు చెల్లెలు:
అందరికీ నమస్కారం. మా అన్న ఎర్రగుంట్ల కాడ నాపబండల పాలిషింగు యూనిట్లో పని చేస్తాడు, బండలు ఎత్తి ఎత్తి నడుము పట్టేసి రెండేండ్ల కింద ట్రమడాల్ మొదలుపెట్టినాడు, రోజుకు ఒకటి కాస్తా ఎనిమిదికి పోయింది. ఇప్పుడు ఎవురికీ చెప్పకుండా ఆపేసి ఆరు రోజులు. ఒకటే ఆవలింతలు, ముక్కులో నీళ్లు, విరేచనాలు, ఈ ఎండల్లో దుప్పటి కప్పుకోని చేతుల మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకోని ఉండాడు, రాత్రంతా కాళ్లు తన్నుకుంటానే ఉంటాడు. ఊర్లో ఒకాయన వచ్చి, ఒంట్లో ఊరే సొంత నొప్పి మందు ఎండిపోయింది, ఇంగ జన్మలో రాదు అని చెప్పిపోయినాడు. అది విన్నప్పటి నుంచి అన్న మళ్ళా మాత్రలు తెచ్చుకుంటా అంటాండాడు. నిజమేనా అది?

కర్నూలు సైకియాట్రీ పీజీ:
ఎండిపోలేదు చెల్లెమ్మా, ముందు ఆ మాట అన్నకు చెప్పు.

ఎండార్ఫిన్, ఎన్‌కెఫలిన్, డైనార్ఫిన్ అని మన ఒళ్లే తయారు చేసుకునే పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలు ఉంటాయి, ఆయన చెప్పిన సొంత నొప్పి మందు ఇదే. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ పోయి కూర్చునే రిసెప్టర్లు, అంటే తాళాల్లాంటివి, మెదడులో ఉన్నాయని 1973లో తేలింది, మరి తాళం ఉందంటే ఒంట్లోనే తాళంచెవి ఉండాల గదా అని వెతికితే 1975లో స్కాట్లాండులో హ్యూస్, కోస్టర్లిట్జ్ పంది మెదడు నుంచి ఎన్‌కెఫలిన్ తీసినారు. ట్రమడాల్ లివర్లో మారి ఆ తాళంలోకే పోతుంది.

కేసీ కాలువ నీళ్లు పారినన్నాళ్లు బోరు మోటరు ఎవరన్నా వేస్తారా, ఇదీ అంతే. ఎలుకలకు రోజూ మార్ఫిన్ ఇచ్చి చూస్తే మెదడులో హైపోథాలమస్ అనే చోట ఎండార్ఫిన్ తయారు చేసే జీను పని తగ్గింది. కానీ అన్న పడే బాధంతా దానివల్లే అనుకోవద్దు. రిసెప్టర్లే మొద్దుబారి ఉంటాయి, అదిగాక లోకస్ సెరూలియస్ అని మెదడులో చిన్న గుంపు ఉంది, మందు రోజూ దాన్ని తొక్కిపెడితే అది లోపల్లోపలే బలం పెంచుకోని ఉంటుంది, మందు తీసేస్తానే ఒంటిని ఉలిక్కిపడేట్టు చేసే నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని గుప్పున వదుల్తుంది. ఆ వెంట్రుకలు లేయడం, చెమట, గుండెదడ శానావరకు అదే. ఇంగ డైనార్ఫిన్ తగ్గదు, పెరుగుతుంది, అది కప్పా రిసెప్టర్ మీద పనిచేసి మనసును కుంగదీస్తుంది. అన్న దిగులుగా ఉంటే మొండితనం అనుకోవద్దండి.

ఒంటి బాధ మామూలుగా రెండు మూడు రోజులకు బాగా ముదిరి, వారం పది రోజుల్లో దిగుతుంది. నిద్ర, దిగులు వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. ట్రమడాల్ సెరటోనిన్ అని మెదడులో ఉండే ఇంకో రసాయనం మీద కూడా పనిచేస్తుంది కాబట్టి ఇంట్లోనే ఓర్చుకోమనొద్దు, డాక్టరుకు చూపించు. ఈ బాధకు క్లోనిడిన్, బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులు ఉన్నాయి, కానీ మీ అంతట మీరు కొనొద్దు. ఓఆర్‌ఎస్ తాపుతా ఉండు.

గుత్తి లారీ:
నాకూ ఇదే అయింది తల్లీ, రాత్రి డ్యూటీల్లో నడుం నొప్పికని మొదలు. ఆపినాక ఇరవై రోజులు ఏం తిన్నా మట్టి తిన్నట్టే, బిడ్డ నవ్వినా నాకేం అనిపించలే, అదే అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఒకరోజు రాగిసంగటిలో చెనిక్కాయల చట్నీ నంజుకుంటే కారం నాలిక్కి తగిలింది, మా ఆవిడ ముందే ఏడ్చేసినా. వస్తుంది, నిదానంగా వస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు. ఆపినాక ఒళ్లు పాత డోసు తట్టుకోలేదు, ఆ ఎనిమిది మాత్రలు మళ్ళా ఒక్కసారే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఇంట్లో మిగిలిన షీట్లు తీసేయండి. రాత్రిపూట తోచకపోతే 14416కి చేయండి, టెలిమానస్ అని మనసు బాధలకు సర్కారు ఫోన్ లైను, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ప్రొద్దుటూరు చెల్లెలు:
అన్నకు ఇదంతా చదివి వినిపిచ్చినా. బోరు మోటరు మాటకు మొదటిసారి తల ఎత్తినాడు, "మళ్ళా ఆన్ అవుతుందా?" అని రెండుసార్లు అడిగినాడు. దిండు కింద రెండు షీట్లు దాచిపెట్టుకున్నాడంట, ఆయనే తీసిచ్చినాడు. తెల్లారి ఫస్ట్ బస్సుకు కడపకు పోతాండాము.